గోల్డెన్ డోమ్‌లో కెనడా చేరాలా? 61 బిలియన్లు కడితే మనకొచ్చేదేంటి?

మిల్టన్_మురళి
2025 మే 20న ట్రంప్ గోల్డెన్ డోమ్ అనే క్షిపణి రక్షణ కవచాన్ని ప్రకటించాడు. మొత్తం 175 బిలియన్ డాలర్లు, మూడేళ్లలో పూర్తి అన్నాడు. వారం తిరిగేసరికి మనకు రేటు కూడా చెప్పేశాడు. వేరే దేశంగానే ఉంటే 61 బిలియన్లు కట్టాలట, 51వ రాష్ట్రంగా కలిసిపోతే ఉచితమట. ఐక్యరాజ్యసమితిలో అప్పటి మన రాయబారి బాబ్ రే అయితే దీన్ని రౌడీ మామూళ్ల కింద జమకట్టాడు.

ఇంత మాట పడ్డాక కూడా చర్చలు ఆగలేదు. మాట్లాడుతున్నామని ప్రధాని కార్నీయే చెప్పాడు. జులైలో రక్షణ మంత్రి మెక్‌గింటీ, క్షిపణి రక్షణ మీద ఇన్నాళ్లూ మనం పెట్టుకున్న ఆంక్షలన్నీ ఎత్తేశామన్నాడు. ఎంత కడతాం, బదులుగా ఏం వస్తుంది, మిస్సైల్ వచ్చిన రోజు నిర్ణయం ఎవరిది? ఒక్కదానికీ జవాబు లేదు. పార్లమెంటులో ఓటింగ్ ఊసే లేదు. స్టూడెంట్ వీసా మీద వచ్చి, ట్యాక్సులు కట్టి, సిటిజెన్ అయినవాణ్ణి. అడిగే హక్కు నాకుంది. మీరేమంటారు? ఉత్త అవును, కాదు అని వదిలేయకుండా కారణాలు చెప్పండి.

బ్రాంప్టన్_బాబాయ్
చేరాలి. రష్యా నుంచి గానీ ఉత్తర కొరియా నుంచి గానీ చికాగో మీదికి వేసే మిస్సైల్ ఆర్కిటిక్ మీదుగా, మన నెత్తి మీదుగానే పోవాలి. పక్కింటాయన కాంపౌండు గోడ కడుతున్నాడు, మన వైపు కూడా కలిపి కడతానంటున్నాడు. వాటా ఇచ్చి కట్టించుకోక నీతులు మాట్లాడితే ఎలా?

మిస్సిసాగా_మాధవి
వాటా అడిగితే సరే బాబాయ్. ఇల్లు రాసిస్తే గోడ ఫ్రీ అంటున్నాడు కదా ఆ పక్కింటాయన!

ఒట్టావా_ఉష
ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1985లో రీగన్ స్టార్ వార్స్ అనే క్షిపణి రక్షణ ప్రోగ్రామ్‌లో చేరమని పిలిస్తే, అమెరికాతో అంత స్నేహంగా ఉండే అప్పటి ప్రధాని మల్రోనీ కూడా ప్రభుత్వపరంగా చేరం అన్నాడు. మన కంపెనీలు కాంట్రాక్టులు తెచ్చుకుంటే అభ్యంతరం లేదన్నాడు. తర్వాత జార్జ్ డబ్ల్యూ. బుష్ వంతు. 2004 ఆగస్టులో నోరాడ్ (కెనడా, అమెరికా కలిసి నడిపే గగనతల రక్షణ వ్యవస్థ) ఒప్పందాన్ని సవరించి, నోరాడ్ ఇచ్చే మిస్సైల్ హెచ్చరికల సమాచారాన్ని అమెరికా తన క్షిపణి రక్షణకు వాడుకోవచ్చని మనం ఒప్పుకున్నాం. డిసెంబరు 1న బుష్ హాలిఫాక్స్ వచ్చి, స్పీచ్‌లో బహిరంగంగా అడిగేశాడు. అప్పటి ప్రధాని పాల్ మార్టిన్‌ది మైనారిటీ ప్రభుత్వం. క్యుబెక్ ససేమిరా అంటోంది, సొంత పార్టీలోనే చాలామంది గొణుగుతున్నారు.

2005 ఫిబ్రవరి 22న, అమెరికాకు రాయబారిగా వెళ్లబోతున్న ఫ్రాంక్ మెకెన్నా, నోరాడ్ ద్వారా మనం ఇప్పటికే ఇందులో భాగమే కదా అనేశాడు. రెండు రోజులకే, 24న, విదేశాంగ మంత్రి పెటిగ్రూ సభలో లేచి చేరడం లేదని ప్రకటించాడు. ఆ మధ్యలో ఒట్టావాలో ఎంత టెన్షనో! అప్పుడు నేను ఇక్కడ యూనివర్సిటీలో చదువుతున్నాను. పార్లమెంటు హిల్ మీద ఫిబ్రవరి చలిలో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూశాను. గ్లవ్స్ లోపల వేళ్లు కొంకర్లు పోతున్నా కదల్లేదు.

కాదన్నందుకు ఏమైంది? పెద్దగా ఏమీ కాలేదు. అమెరికా రాయబారి సెలూచీ బహిరంగంగానే అసంతృప్తి చెప్పాడు, అంతే. ఆ మరుసటి ఏడే నోరాడ్ ఒప్పందాన్ని కాలపరిమితి లేకుండా శాశ్వతం చేసుకున్నారు. కాదంటే సంబంధాలు తెగిపోతాయని భయపెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

బ్రాంప్టన్_బాబాయ్
ఉషమ్మా, 2005 నాటికి ఉత్తర కొరియా ఒక్క అణు పరీక్ష కూడా చేయలేదు. 2006లో మొదలుపెట్టింది. 2017లో ఖండాంతర క్షిపణి కూడా పరీక్షించింది. అప్పటి లెక్క ఇప్పటికి ఎలా సరిపోతుంది?

ఇంకోటి. సెలూచీ చెప్పిన మాటలో విషయం ఉంది. మీ ఆకాశంలోకి వచ్చే మిస్సైల్‌ని ఏం చేయాలో తేల్చే హక్కు మీకు మీరే వదులుకుంటున్నారన్నది ఆయన పాయింటు. అందులో తప్పేముంది?

గుంటూరు_గోపి
నాదో చిన్న డౌటు. ఇజ్రాయెల్‌లో ఐరన్ డోమ్ పనిచేస్తోంది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు మనవాళ్లు ఎస్-400, ఆకాశ్ పెట్టి పాకిస్తాన్ డ్రోన్లను, మిస్సైళ్లను కూల్చారు. ఇవన్నీ పనిచేస్తున్నప్పుడు గోల్డెన్ డోమ్ ఎందుకు పనిచేయదు?

కంచన్‌బాగ్_కుర్రాడు
గోపీ, మంచి ప్రశ్న. అందరూ తడబడేది ఇక్కడే. మా నాన్న హైదరాబాద్‌లో రక్షణ రంగంలోనే పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటి చుట్టుపక్కల అంతా డీఆర్‌డీఎల్, బీడీఎల్, ఇమారత్ లాంటి క్షిపణి సంస్థల వాళ్లే. ఈ కబుర్లు వింటూ పెరిగాను. ఇప్పుడు వాటర్‌లూలో సిగ్నల్ ప్రాసెసింగ్ చేస్తున్నాను.

ఐరన్ డోమ్ ఆపేది 4 నుంచి 70 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే రాకెట్లను. అవి నెమ్మది, తక్కువ ఎత్తు. పైగా ఇజ్రాయెల్ చిన్న దేశం. ఖండాంతర క్షిపణి కథే వేరు. గాలి దాటి అంతరిక్షంలోకి పోయి, సెకనుకు ఏడు కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. మొత్తం ప్రయాణం అరగంట.

ఆ అరగంటలో దాన్ని కొట్టడానికి మూడు అవకాశాలు. మొదటిది, మోటారు మండుతున్న మూడు నుంచి ఐదు నిమిషాలు. అప్పుడు మంట స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అది శత్రువు నేల మీద ఉంటుంది. రెండోది, అంతరిక్షంలో తేలుతూ వచ్చే ఇరవై నిమిషాలు. ఇక్కడే అసలు చిక్కు. అక్కడ గాలి ఉండదు కాబట్టి వార్‌హెడ్‌తో (బాంబు ఉండే తలభాగంతో) పాటు వదిలిన ఉత్తుత్తి బెలూన్ కూడా అదే వేగంతో, అదే దారిలో వస్తుంది. రాడార్‌కు ఏది అసలో ఏది నకిలీయో తేల్చడం చాలా కష్టం. నేను చేసే పని ఇలాంటి తేడాలు పట్టడమే కాబట్టి ఎంత కష్టమో చెప్పగలను. మూడోది, మళ్లీ గాలిలోకి దిగే ఆఖరి క్షణాలు. అక్కడ నిమిషం కూడా ఉండదు.

ఇప్పుడు అమెరికా దగ్గర ఉన్నది రెండో దశలో కొట్టేది. అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీలో 40, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో 4, మొత్తం 44 ఇంటర్‌సెప్టర్లు, అంటే వచ్చే క్షిపణిని ఎదురెళ్లి కొట్టేవి. ముందే ఏర్పాటు చేసుకున్న పరీక్షల్లోనే ఇవి సగానికి కాస్త ఎక్కువసార్లు మాత్రమే గురి కొట్టాయి. ఒక్కో వార్‌హెడ్‌కు మూడో నాలుగో వదలాలి. అంటే పది, పదిహేను వచ్చేసరికి పెట్టె ఖాళీ. ఉత్తర కొరియా కోసం పెట్టుకున్నవి ఇవి. రష్యా వేల వార్‌హెడ్ల ముందు ఇవి ఏమూలకు?

గోల్డెన్ డోమ్‌లో కొత్తది, మొదటి దశలోనే కొట్టేలా అంతరిక్షంలో ఇంటర్‌సెప్టర్లు పెట్టడం. తక్కువ ఎత్తులో తిరిగే శాటిలైట్ గంటన్నరలో భూమి చుట్టేస్తుంది, శత్రువు స్థావరం మీద కొన్ని నిమిషాలే ఉంటుంది. ఎప్పుడూ ఒకటి అక్కడ ఉండాలంటే వందలు, వేలు పైకి పంపాలి. కొన్నేళ్లకు అవి కిందికి దిగి కాలిపోతాయి, మళ్లీ పంపాలి. అంటే ఇది ఒకసారి కట్టి వదిలేసే ఖర్చు కాదు.

డల్లాస్_దిలీప్
పైన కుర్రాడు చెప్పింది కరెక్ట్. ఇక్కడ మా కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీస్ ఒక్క అంతరిక్ష ఇంటర్‌సెప్టర్లకే 20 ఏళ్లకు 161 బిలియన్ల నుంచి 542 బిలియన్ల దాకా అవుతుందని మేలోనే లెక్క కట్టింది. రేడార్లు, నేల మీద పెట్టే మిస్సైళ్లు వేరే. 175 బిలియన్లలో అంతా అయిపోతుందంటే ఎలా నమ్మాలి? జులై 4న సంతకమైన బిల్లులో మొదటి విడతగా సుమారు 25 బిలియన్లు పెట్టారు కూడా. ముందుంది ముసళ్ల పండగ. మీరు 61 అనుకుని దిగితే అది 61 దగ్గర ఆగదు. పక్క దేశంలో ఉన్న తెలుగువాడిగా ముందే చెబుతున్నా.

మిల్టన్_మురళి
దిలీప్ గారు, ఇదే నా భయం. 61 బిలియన్ అమెరికన్ డాలర్లంటే మన డబ్బుల్లో 80 బిలియన్ల పైమాటే. జూన్‌లో కార్నీ 9 బిలియన్లు పెంచాక కూడా మన 2025-26 రక్షణ బడ్జెట్ మొత్తం 63 బిలియన్ల లోపే!

మిస్సిసాగా_మాధవి
డెంటల్ కేర్ ప్లాన్ తెచ్చినప్పుడు ఐదేళ్లకు 13 బిలియన్లా అని ఎంత గోల చేశారు! మా అత్తయ్యకు ఫ్యామిలీ డాక్టర్ దొరక్క వాకిన్ క్లినిక్‌లో పొద్దున తలుపు తీయకముందే వెళ్లి లైన్లో నిలబడుతున్నాం. బీపీ మందుల చీటీ రాయించుకోవడానికి. మోకాళ్ల నొప్పితో ఆవిడ మంచులో నిలబడలేక గోడకు ఆనుకుంటారు. అలాంటివాళ్లకు డబ్బు లేదంటారు, అంతరిక్షంలో ఇంటర్‌సెప్టర్లకు మాత్రం ఉందా?

కాల్గరీ_కిరణ్
మాధవి గారూ, హాస్పిటళ్లు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి, రక్షణ ఫెడరల్‌ది. రెండూ కలపకండి.

మిస్సిసాగా_మాధవి
ఆ హాస్పిటళ్లకు ఫెడరల్ వాటా ఎంతివ్వాలని ప్రతి బడ్జెట్‌కీ కొట్టుకునేది ఎవరండీ? జేబు ఒకటే.

కాల్గరీ_కిరణ్
సరే, ఒప్పుకుంటాను. కానీ నా వాదన వేరు. 2024లో మన ఎగుమతుల్లో ముప్పావు వంతు అమెరికాకే పోయాయి. స్టీలు మీద ట్రంప్ 50 శాతం సుంకం వేశాడు. నోరాడ్ లాంటి రక్షణ విషయంలో మనం అవసరమని చూపిస్తేనే టేబుల్ దగ్గర మాట చెల్లుతుంది. గోల్డెన్ డోమ్‌కి కెనడా భూమి కావాలి, ఉత్తరాన రాడార్లు కావాలి. అది మన బేరం. బేరం ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి. పైగా ఇక్కడి ఏరోస్పేస్ కంపెనీలకు పని దొరుకుతుంది.

ఒట్టావా_ఉష
కిరణ్ గారూ, బేరం సంగతి జూన్ ఆఖర్లో చూశాం కదా. టెక్ కంపెనీల మీద మనం వేసిన డిజిటల్ సర్వీసెస్ ట్యాక్స్ తీసేయకపోతే మాట్లాడనన్నాడు. రెండు రోజుల్లోనే తీసేస్తున్నామన్నాం. రెండు వారాలు తిరక్కుండానే, జులై 10న, 35 శాతం సుంకం లెటర్ వచ్చింది. ఒకటి ఇస్తే ఇంకోటి అడుగుతాడు. అలాంటివాడికి క్షిపణి రక్షణ కూడా ఇచ్చి సుంకాలు తగ్గించుకుందామంటే, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

కాల్గరీ_కిరణ్
ట్రంప్ 2029 జనవరి దాకానే. నోరాడ్ 1958 నుంచి ఉంది. మనిషిని చూసి కాదు, దేశాన్ని చూసి నిర్ణయం తీసుకోవాలి.

సియోల్_సురేఖ
మనిషా దేశమా అన్న ప్రశ్నకు దక్షిణ కొరియాలో జరిగింది చెప్తాను. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, ఆ రోజులు దగ్గర్నుంచి చూశాను.

2016లో అమెరికా థాడ్ మిస్సైల్ రక్షణ వ్యవస్థను కొరియాలో పెట్టాలని నిర్ణయించారు. చోటు సొంజు. అక్కడ పండే పసుపుపచ్చ చామె కర్బూజా దేశమంతా ఫేమస్. ఊరివాళ్లకు చెప్పకుండా ఎంపిక చేశారు. రైతులు రోడ్డెక్కారు. ఆ ఆగస్టులో ఒకే రోజు 900 మందికి పైగా గుండు కొట్టించుకుని నిరసన తెలిపారు. టీవీలో చూస్తుంటే, వరసగా కుర్చీలు, తెల్ల గుడ్డలు, పెద్దవాళ్లు కళ్లు మూసుకుని కూర్చున్నారు.

చివరకు అక్కడే లొత్తె కంపెనీ గోల్ఫ్ కోర్సులో పెట్టారు. చైనాకు కోపం వచ్చింది. ఆ కంపెనీకి చైనాలో ఉన్న స్టోర్లు ఫైర్ సేఫ్టీ పేరు చెప్పి ఒక్కొక్కటే మూయించారు. చైనా టూరిస్టు గ్రూపులు ఆగిపోయాయి. సియోల్‌లో మ్యోంగ్‌డాంగ్ షాపులు ఖాళీగా ఉండేవి. మూసిన స్టోర్లను ఆ కంపెనీ తర్వాత అమ్ముకుని వచ్చేసింది.

అసలు సంగతి ఇప్పుడు. స్థలం కొరియాది, ఖర్చు అమెరికాది అని ఒప్పందం. 2017 ఏప్రిల్‌లో, పరికరాలు దింపడం మొదలయ్యాక, ట్రంప్ ఇంటర్వ్యూలో కొరియా ఒక బిలియన్ డాలర్లు కట్టాలన్నాడు! ఆయన సలహాదారు ఫోన్ చేసి పాత ఒప్పందమే ఉంటుందని సర్దిచెప్పాల్సి వచ్చింది. ఇంకో విషయం: ఆ సొంజు బ్యాటరీ పరిధిలోకి సియోల్ రాదు. దేశ జనాభాలో సగం ఉన్న ప్రాంతం బయటే ఉండిపోయింది. కిరణ్ గారూ, ఒప్పందం రాసుకునేది దేశంతోనే, కానీ బిల్లు పంపేది మనిషే.

గుంటూరు_గోపి
900 గుండ్లా! తిరుమల కళ్యాణకట్టలో కూడా లైన్ ఇంత ఫాస్ట్‌గా కదలదు 😀 కానీ ఆఖరి పాయింటు గట్టిది అక్కా. డబ్బు కట్టేవాడు పరిధిలో ఉన్నాడో లేడో ముందే చూసుకోవాలి.

వార్సా_వంశీ
పోలండ్‌ది ఇంకో రకం. 2008లో బుష్‌తో 10 ఇంటర్‌సెప్టర్లకు సంతకాలు చేశారు. 2009 సెప్టెంబర్ 17న ఒబామా రద్దు చేశాడు. 1939లో సోవియట్ సైన్యం పోలండ్‌లోకి వచ్చిన తేదీ కూడా అదే. ఇక్కడివాళ్లు ఆ నొప్పి ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత ఒప్పుకున్న రెజికోవో స్థావరం 2018కల్లా అన్నారు, 2024లో తయారైంది. కాకపోతే ఒకటి చెప్పాలి: ఉక్రెయిన్ యుద్ధం చూశాక ఇక్కడ ఎవరూ అది వద్దనడం లేదు. పక్కనే మిస్సైళ్లు పడుతుంటే అభిప్రాయం మారుతుంది.

బ్రాంప్టన్_బాబాయ్
వంశీ చెప్పిన ఆఖరి వాక్యం అందరూ ఇంకోసారి చదవండి.

ఎల్లోనైఫ్_సునీత
ఇంతసేపూ అందరూ చికాగో, సియోల్ అంటున్నారు. ఉత్తరాన ఉండేవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఫార్మసిస్ట్‌గా ఆర్కిటిక్‌లోని నునావుట్‌లో కూడా డ్యూటీలు చేస్తుంటాను.

కేంబ్రిడ్జ్ బేలో దిగితే ముందు కనిపించేది రాడార్ స్టేషనే. తెల్లటి గుండ్రటి డోము, చుట్టూ కంచె. 1950లలో కట్టిన డ్యూ లైన్ (సోవియట్ బాంబర్లను ముందే పసిగట్టే రాడార్ల వరస) స్థావరం అది, తర్వాత దాని స్థానంలో వచ్చిన నార్త్ వార్నింగ్ సిస్టమ్‌లో భాగమైంది. ఆ పాత స్టేషన్లు వదిలేసి వెళ్లినప్పుడు డ్రమ్ములు, పెయింటులో పీసీబీలు అనే విష రసాయనాలు, పాత నూనెలు అన్నీ అక్కడే వదిలేశారు. ఆ నేల మీద వేటాడి తినేవాళ్లు అక్కడి మూలవాసులైన ఇన్యుయిట్లు. అది శుభ్రం చేయడానికి కెనడాకు 500 మిలియన్ డాలర్లకు పైగా ఖర్చయింది, పని 2014 దాకా సాగింది. అమెరికా కోసం కట్టినవి, ఊడ్చింది మనం.

ఒక పెద్దావిడ మందులు తీసుకుంటూ, చిన్నప్పుడు స్టేషన్ చెత్తకుప్పలో చెక్కపలకలు ఏరుకొచ్చి ఇల్లు కట్టుకున్నామని నవ్వుతూ చెప్పింది. ఆ పలకలకు ఏ పెయింటు ఉందో అప్పుడు ఎవరికి తెలుసు?

1978 జనవరిలో సోవియట్ శాటిలైట్ కాస్మోస్ 954 ఇక్కడే కూలింది. అందులో అణు రియాక్టర్ ఉంది. మంచులో రేడియోధార్మిక ముక్కలు నెలల తరబడి ఏరారు. కెనడా 6 మిలియన్ల బిల్లు పంపితే సోవియట్ వాళ్లు 3 మిలియన్లు ఇచ్చారు. కుర్రాడు గారూ, అలాస్కా నుంచి వదిలిన ఇంటర్‌సెప్టర్ మిస్సైల్‌ని కొడితే ముక్కలు ఎక్కడ పడతాయి?

కంచన్‌బాగ్_కుర్రాడు
సునీత గారూ, ఢీకొట్టుడు వందల కిలోమీటర్ల ఎత్తున, అంతరిక్షంలో జరుగుతుంది. గుద్దుకుంటే బాంబు పేలదు, అణు విస్ఫోటనానికి చాలా కచ్చితమైన క్రమం కావాలి, అది చెదిరిపోతుంది. ముక్కలు చాలావరకు కాలిపోతాయి. కొన్ని దిగుతాయి, ఎక్కడన్నది దారిని బట్టి. ఉత్తర కొరియా నుంచి వచ్చేదైతే అలాస్కా, యూకాన్ చుట్టుపక్కల దిగే అవకాశం లేకపోలేదు. ఒక నగరం మీద బాంబు పడటంతో పోలిస్తే అది చిన్న నష్టమే. కానీ ఆ నష్టం భరించేవాళ్లను ముందే అడగాలన్నది మీ పాయింటైతే, నూటికి నూరు పాళ్లు నిజం.

నార్త్‌బే_నాగమణి
మా ఊరి నుంచే నోరాడ్ కెనడా గగనతలాన్ని చూస్తుంది. 1963 నుంచి 2006 దాకా 60 అంతస్తుల లోతున, రాతిలో తొలిచిన గుహలో కూర్చుని చేశారు ఆ పని. తర్వాత పైకి మార్చారు. ఊళ్లో ప్రతి మూడో కుటుంబానికీ బేస్‌తో ఏదో సంబంధం ఉంటుంది, కాబట్టి ఇక్కడ ఇది వార్తల్లో సంగతి కాదు, ఇంటి సంగతి.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. కొలరాడోలో నోరాడ్ కమాండర్ అమెరికన్, డిప్యూటీ ఎప్పుడూ కెనడియనే. 2001 సెప్టెంబర్ 11 ఉదయం షయెన్ పర్వతం లోపల డ్యూటీలో బాధ్యత చూసింది కెనడా జనరల్ రిక్ ఫిండ్లే. అంత నమ్మకం ఉంది. కానీ మిస్సైల్ విషయానికొస్తే మధ్యలో గీత ఉంది. మిస్సైల్ బయల్దేరింది, ఫలానా చోటుకు వస్తోంది అని చెప్పేవరకూ కెనడా ఆఫీసర్ ఉంటాడు. దాన్ని కొట్టాలా వద్దా అనేది నోరాడ్ పని కాదు, అమెరికా నార్తర్న్ కమాండ్ పని. అక్కడ మనకు మాట లేదు.

2017 సెప్టెంబర్‌లో, నోరాడ్ డిప్యూటీ కమాండర్‌గా ఉన్న జనరల్ సెంటమాండ్ పార్లమెంటు కమిటీ ముందు ఆ మాటే చెప్పాడు. కెనడాను కాపాడటం ప్రస్తుతం అమెరికా విధానంలో లేదన్నాడు. ఆ క్షణంలో వాళ్లు కాపాడాలనుకోవచ్చు, అనుకోకపోవచ్చు, హామీ మాత్రం లేదు. బాబాయ్ గారి గోడ మాటకొస్తే, ఇప్పటిదాకా ఆ గోడ మన వైపు లేదు.

బ్రాంప్టన్_బాబాయ్
అందుకే కదమ్మా చేరమంటున్నా! చేరితే లోపల కూర్చుంటాం. మాట ఉంటుంది.

నార్త్‌బే_నాగమణి
చేరితే మాట వస్తుందని ఎక్కడ రాసుంది బాబాయ్ గారూ? 44 ఇంటర్‌సెప్టర్లే ఉన్న రోజు, ఒకేసారి వాంకూవర్‌కీ సియాటిల్‌కీ వస్తే, ఏది ముందు ఆపాలో తేల్చే గదిలో మనవాళ్ల ఓటుకు విలువుందా? అది కాగితం మీద ఉంటే, నేనూ మీ పక్షమే. చందా కట్టినందుకు రశీదు మాత్రం ఇస్తామంటే నేను వద్దంటాను.

1958లో బోమార్క్ అనే విమానాలను కూల్చే అమెరికా మిస్సైళ్లు తీసుకున్న కథ మా ఊరివాళ్లకు తెలుసు. ముందు సరే అన్నారు, తర్వాత వాటికి అణు వార్‌హెడ్లు పెట్టాల్సిందేనని తేలింది. అప్పటి ప్రధాని డీఫెన్‌బేకర్ ఎటూ తేల్చుకోలేక 1963లో ప్రభుత్వమే పడిపోయింది. తర్వాతి ప్రధాని పియర్సన్ వచ్చి ఒప్పుకున్నాడు. 1972 దాకా అవి ఇక్కడే, నార్త్ బేలో ఉన్నాయి. షరతులు చదవకుండా తలూపితే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది.

ఓరుగల్లు_ఓంకార్
అందరూ ఇంత లోతుగా మాట్లాడుతుంటే అడగడానికి మొహమాటంగా ఉంది. వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ఇలాంటి ప్రాజెక్టుల్లో మనలాంటివాళ్లకు ఉద్యోగాలొస్తాయా?

కాల్గరీ_కిరణ్
తమ్ముడూ, మొహమాటమెందుకు. రక్షణ ప్రాజెక్టులకు సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. సీక్రెట్ స్థాయికి పదేళ్ల చరిత్ర అడుగుతారు. ఏ ఊళ్లో ఏ అడ్రసులో ఉన్నావు, ఎక్కడ పనిచేశావు అన్నీ. నాకు కూకట్‌పల్లి హాస్టల్ రూమ్ అడ్రసు కోసం పాత ఓనర్‌ని వెతకాల్సి వచ్చింది. అది ఆలస్యమైందని ఒక కంపెనీ ఆఫరే వెనక్కి తీసుకుంది. కాబట్టి ఇప్పటినుంచే రెంట్ అగ్రిమెంట్లు జాగ్రత్తగా దాచుకో.

మిస్సిసాగా_మాధవి
పైన కిరణ్ గారే ఉద్యోగాలొస్తాయని అన్నారు, ఇప్పుడు ఆయనే రావడం ఎంత కష్టమో చెప్పారు.

కాల్గరీ_కిరణ్
కష్టమన్నాను, రావనలేదు :)

కంచన్‌బాగ్_కుర్రాడు
ఉద్యోగాల గురించి కాదు గానీ, చేరాలా వద్దా అన్న ప్రశ్నే రెండుగా విడగొట్టాలి. ఒకటి చూడటం, రెండు కొట్టడం.

చూడటంలో మనం వెనకబడ్డాం. నార్త్ వార్నింగ్ సిస్టమ్ 1985లో ఒప్పుకుని కట్టింది. బాంబర్లను పట్టడానికి చేసింది, దూరం నుంచి వదిలే క్రూయిజ్ మిస్సైళ్లను సరిగ్గా పట్టలేదు. 2023 ఫిబ్రవరిలో యూకాన్ మీద ఏదో తేలుతుంటే అమెరికా ఎఫ్-22 వచ్చి కూల్చింది. అది మన ఆకాశం. 2022లోనే నోరాడ్ ఆధునికీకరణకు 20 ఏళ్లలో 38.6 బిలియన్లు అన్నారు. 2025 మార్చిలో కార్నీ ఇకాలూట్ వెళ్లి, ఆస్ట్రేలియాతో కలిసి ఓవర్ ద హరైజన్ రాడార్ (దిగంతం అవతల కూడా చూడగలిగేది) కడతామన్నాడు, 6 బిలియన్ల పైచిలుకు. ఇదంతా మన భూమి మీద, మన మనుషులతో, మన తాళంతో ఉండేది. రేపు అమెరికాతో చెడినా ఆ రాడార్ మనదే. దీనికి ఎంత పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

కొట్టడం, ముఖ్యంగా అంతరిక్షం నుంచి కొట్టడం, వేరు. అందులో డబ్బు పెడితే మన చేతిలో ఏమీ మిగలదు. శాటిలైట్ వాళ్లది, సాఫ్ట్‌వేర్ వాళ్లది, బటన్ వాళ్లది. నా ఓటు మొదటిదానికి మాత్రమే.

ఒట్టావా_ఉష
పాతికేళ్లుగా ఈ చర్చ వింటున్నాను, ఇంత సూటిగా ఎవరూ విడదీసి చెప్పలేదు. నాదీ అదే మాట. అమెరికాకు కావాల్సింది కూడా మన రాడార్లే. అవి మనమే కట్టుకుని, సమాచారం పంచుకుంటే, అదే మన వాటా అని గట్టిగా చెప్పొచ్చు.

బ్రాంప్టన్_బాబాయ్
నా మాట మార్చను. చూసినంత మాత్రాన మిస్సైల్ ఆగదు. కొట్టేవాడితో ఒప్పందం ఉండాలి. కాకపోతే నాగమణి గారన్న షరతు పెట్టండి: డబ్బు కట్టేముందే, కెనడా నగరాలు రక్షణ పరిధిలో ఉన్నాయని, నిర్ణయంలో మన అధికారి ఉంటాడని రాతపూర్వకంగా రావాలి. అది లేకుండా పైసా ఇవ్వొద్దు.

డల్లాస్_దిలీప్
బాబాయ్ గారు, మా ప్రభుత్వం ఆ మాట రాసిస్తుందని నాకైతే నమ్మకం లేదు. అడిగి చూడండి, జవాబుతోనే మీకు విషయం అర్థమైపోతుంది.

మిల్టన్_మురళి
మా ఎంపీకి మెయిల్ రాస్తున్నా. మొదటిది, 61 బిలియన్ల అంకె మీద ప్రభుత్వం సొంత లెక్క ఏమిటి, మొత్తం ఖర్చు పెరిగితే మన వాటా పెరుగుతుందా. రెండోది, నాగమణి గారు చెప్పిన నిర్ణయాధికారం. మూడోది, పార్లమెంటులో ఓటు పెడతారా లేదా. ఇంకేమైనా కలపాలా?

ఎల్లోనైఫ్_సునీత
నాలుగోది కలపండి. కొత్త స్థావరాలు ఉత్తరాన పెడితే ఇన్యుయిట్ల అనుమతి ముందే తీసుకుంటారా, పాత స్థావరాల్లాగా వదిలేసి వెళ్తే శుభ్రం చేసే ఖర్చు ఎవరిది.

ఒట్టావా_ఉష
మెయిల్‌తో పాటు హౌస్ ఆఫ్ కామన్స్ ఈ-పిటిషన్ కూడా పెట్టండి. మొదలుపెట్టడానికి ఐదుగురు మద్దతుదారులు, ఒక ఎంపీ స్పాన్సర్‌షిప్ కావాలి. 500 సంతకాలు దాటి సభలో ప్రవేశపెడితే 45 రోజుల్లో ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబివ్వాలి. మెయిల్‌కి వచ్చే రెడీమేడ్ జవాబు కంటే అది నయం.

ఓరుగల్లు_ఓంకార్
వర్క్ పర్మిట్‌వాళ్లు సంతకం పెట్టొచ్చా?

ఒట్టావా_ఉష
పెట్టొచ్చు. సిటిజెన్ అయినా సరే, కెనడాలో నివసించేవాళ్లయినా సరే.

ఎల్లోనైఫ్_సునీత
ఐదుగురిలో నా పేరు రాసుకోండి.

నార్త్‌బే_నాగమణి
నాదీ.

బ్రాంప్టన్_బాబాయ్
నాదీ రాసుకో మురళీ. చేరొద్దు అని రాస్తే మాత్రం సంతకం పెట్టను. షరతులు అడుగుతున్నాం అని రాయి.

మిల్టన్_మురళి
అలాగే బాబాయ్. షరతులనే రాస్తాను. ఉష గారు, కుర్రాడు గారు కూడా ఒప్పుకుంటే ఐదుగురూ అయిపోయినట్టే. ఆదివారం లోపు డ్రాఫ్టు ఇక్కడే పెడతా, దిద్దండి.